పైపు ఫిరంగి పేలితే.. తిట్లు తర్వాత, ముందు నీళ్లు!

ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు దాటి వెళ్తే గండికోట. 1652లో అక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, కోటలో మీర్ జుమ్లా ఫిరంగులు పోత పోయించే ప్రయత్నాల గురించి రాశాడు. ఆ కోట చూసొచ్చిన పిల్లాడికి ఫోన్‌లో బుల్లి ఫిరంగులు కాల్చే విదేశీ వీడియోలు కనిపిస్తే, మనమూ ఒకటి చేద్దామనిపించడం సహజమే. చేతికి సులువుగా దొరికేవి ప్లాస్టిక్ పైపు, కార్బైడ్. పొలాల్లో కోతుల్ని బెదరగొట్టడానికి వాడే గొట్టమే పండక్కి మిద్దె మీదికి చేరుతుంది.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి ‘కార్బైడ్ గన్’ల వల్ల వందమందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపు పోయింది.

కంటికే ఎందుకు?

కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. వెల్డింగ్ షాపులో మండేది ఇదే. అడుగున మిగిలే తెల్లటి ముద్ద తడి సున్నం. ‘ఇంకా పేలలేదేం’ అని పిల్లాడు పైపులోకి తొంగిచూసినప్పుడు పేలితే మంట, పైపు ముక్కలు, సున్నం ఒకేసారి ముఖాన పడతాయి. సున్నం లాంటి క్షారాలు చాలా ఆమ్లాలకన్నా వేగంగా కంటి లోపలికి దిగుతాయి. కార్నియా తెల్లబారి చూపు పోవచ్చు.

తుపాకిమందు కూరిన ఇనుప గొట్టం మరీ ప్రమాదం. నిప్పురవ్వకే అంటుకుంటుంది. గొట్టం పగిలితే వేళ్లు తెగిపోవచ్చు. లైసెన్సు లేకుండా ఆ మందు తయారుచేయడం నేరం కూడా.

వెంటనే ఏం చేయాలి?

• కంట్లో సున్నం, పొడి పడితే రెప్పలు తెరిచి కనీసం అరగంట ధారగా నీళ్లు పోయాలి. కుళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు ఏవైనా సరే, శుభ్రంగా ఉంటే చాలు. ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే మొదలుపెట్టాలి.
• కన్ను నలపకూడదు. పాలు, ఆముదం, తేనె వేయకూడదు.
• ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు, నొక్కొద్దు. కంటికి తగలకుండా పేపర్ కప్పు అడ్డుపెట్టి, కంటి వైద్యుడున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయండి.
• కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు వద్దు.
• చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే అదే రోజు ఈఎన్‌టీ వైద్యుడికి చూపించాలి.

నాన్న కొడతాడన్న భయంతో పిల్లలు గాయాన్ని దాచేస్తారు. సున్నం విషయంలో ఆ కొద్ది నిమిషాలే చూపును నిర్ణయిస్తాయి. అందుకే పండక్కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి: ‘‘అసలు చేయొద్దు. పొరపాటున ఏదైనా జరిగితే మాత్రం ముందు నీళ్లు పోసుకో, నాకు చెప్పు. తిట్టను.’’