ఊ కొడితే మాటలొస్తాయి

పసివాళ్లకు మాటలు నేర్పే పనిని ఫోన్‌కి అప్పగించిన ఇళ్ల కోసం...

కథ చెప్పే తాతయ్య మధ్యలో ఆగి ‘‘ఊ కొట్టవేంరా?’’ అంటాడు. ఊ వినపడకపోతే కథ సాగదు. మాటలు నేర్చుకునే పసివాళ్లకూ అంతే. నాలుగు నెలల పాప ‘ఉంగా’ అంటే ‘‘అవునా తల్లీ, ఇంకేంటి కబుర్లు?’’ అనే మనిషి ఎదురుగా ఉండాలి. ఫోన్ ఎంతసేపైనా పాడుతుంది గానీ, పాప ఏమందో దానికి పట్టదు.

ముందు చెవి, తర్వాత నోరు

పుట్టేనాటికే బిడ్డ అమ్మ గొంతు గుర్తుపడుతుంది. హిందీలోని ‘ట’, ‘త’ల తేడాను ఇంగ్లిష్ ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఇట్టే పట్టేశారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామంది పట్టలేకపోయారు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన అధ్యయనమిది. చుట్టూ వినపడని ధ్వనులను చెవి వదిలేసుకుంటుందన్నమాట.

మరి టీవీ వినిపిస్తే చాలదా? 2003లో సియాటెల్‌లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు మాండరిన్ చైనీస్ వినిపించింది. మనుషులు ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అదే తెర మీద చూపిస్తే ఏమీ ఒంటబట్టలేదు. రెండేళ్లలోపు తెర వద్దని, ఐదేళ్లలోపు వారికి రోజుకు గంట దాటొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

‘లైలు’ వస్తే ఏమనాలి?

రెండేళ్లవాడు ‘‘లైలు!’’ అన్నాడు. ‘‘లైలు కాదు, రైలు అను’’ అని పట్టుబడితే నోరు మూసుకుంటాడు. ‘‘అవున్రా, పెద్ద రైలు! ఎక్కడికెళ్తోంది?’’ అంటే సరైన మాట వింటాడు, మరో మాట అందుకుంటాడు. అడిగాక కాసేపు ఆగండి. మాట కూడదీసుకోవడానికి వాళ్లకు సమయం పడుతుంది.

స్నానం చేయిస్తూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ చేస్తున్న పని చెబుతుండండి. కళ్లు మూయించి, వినపడింది కుక్కర్ విజిలో, ఆటో హారనో చెప్పమనండి. బొమ్మల పుస్తకంలో ‘‘ఇదేంటి?’’ దగ్గరే ఆగక ‘‘కోతి ఎందుకు ఏడుస్తోంది?’’ అని అడగండి.

ఏ భాషలో? మీకు ధారాళంగా వచ్చినదాంట్లో. ‘‘బాల్ క్యాచ్ చెయ్, మిల్క్ ఫినిష్ చెయ్’’ అనే ఆజ్ఞలకన్నా తెలుగులో తీరిగ్గా చెప్పే కబుర్లే మేలు. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ.

ఎదురుచూడొద్దు

‘‘వాళ్ల నాన్నకీ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు’’ అని సరిపెట్టుకోవద్దు. ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మ దా’ లాంటి జంట మాటలు కలపకపోయినా వినికిడి పరీక్ష చేయించాలి. పుట్టిన కొద్ది రోజులకే, బిడ్డ నిద్రలో ఉండగానే ఈ పరీక్ష చేయొచ్చు. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాలు (డీఈఐసీ), సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇలాంటి పిల్లలకు సాయపడతాయి. లోపం త్వరగా బయటపడితే వినికిడి యంత్రం, కాక్లియర్ ఇంప్లాంట్, స్పీచ్ థెరపీతో చాలామందికి మాటలొస్తాయి. ‘చూద్దాంలే’ అనుకున్న ప్రతి నెలా చెవి నేర్చుకోవాల్సిన నెలే.