మీ తప్పు మీ కంటికెందుకు కనిపించదు?

విద్యార్థులారా! ఇంగ్లీషు వ్యాసం రాసి, రెండుసార్లు చదివి, తప్పుల్లేవనుకుని మాస్టారికి ఇస్తారు. నోటుబుక్కు తిరిగొచ్చేసరికి నిండా ఎర్రసిరా! అంతసేపు చూసినా ఆ తప్పులు మీకెందుకు కనబడలేదు?

చదివేటప్పుడు మన కన్ను పంక్తి వెంట తిన్నగా జారదు. గెంతుతూ, మధ్య మధ్య సుమారు పావు సెకను ఆగుతూ పోతుంది. ఆగిన చోట కొద్ది అక్షరాలే స్పష్టంగా కనిపిస్తాయి. మిగిలినది మెదడు ఊహించి పూరిస్తుంది. మీరు రాసిన వాక్యమైతే, ఏం రాయదలచారో దానికి ముందే తెలుసు. అందుచేత కాగితం మీద లేని మాటను కూడా ఉన్నట్టే చదివేస్తుంది!

‘సన్ రైజ్ ఇన్ ఈస్ట్’ అనే వాక్యం చూడండి. ‘ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్’ అని ఉండాలి. అంటే నాలుగు మాటల్లో మూడు లోపాలు. వాటిలో రెండు ‘ది’ లేకపోవడమే. తెలుగులో ఆర్టికల్స్ లేవు కనుక అవి జారిపోయినా మనకు వెలితి తోచదు. ఇది తెలివితక్కువతనం కాదు, మాతృభాష అలవాటు. కాబట్టి సిగ్గుపడనక్కర లేదు.

మరి ఏం చేయాలి? రాసినదాన్ని ఒక రోజు పక్కన పెట్టండి. తర్వాత వేలు పెట్టి, పైకి చదవండి. మొదటిసారి భావం సరిగా ఉందో లేదో చూడండి. రెండోసారి క్రియలు, మూడోసారి ఆర్టికల్స్ మాత్రమే చూడండి. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు.

ఆపైన స్నేహితుడితో నోటుబుక్కు మార్చుకోండి. మీ మనసులో ఏముందో అతనికి తెలియదు కనుక, కాగితం మీద ఉన్నదే చదువుతాడు. ‘బాగుంది’ అని ఊరుకోవద్దు. ‘ఇక్కడ ఎవరు వెళ్లారో అర్థం కాలేదు’ అని చెప్పాలి. తప్పు కింద గీత గీస్తే చాలు, దిద్దుకోవలసింది రాసినవారే. ఇద్దరికీ సందేహమైతే మాస్టారిని అడగండి.

ఇందులో లాభం స్నేహితుడికేనా? అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు నేర్చుకునే 91 మంది విద్యార్థులను పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. కొందరు ఇతరుల వ్యాసాలు చదివి సలహాలు చెప్పడం మాత్రమే నేర్చుకున్నారు. మిగిలినవారు వచ్చిన సలహాలతో వ్యాసాన్ని దిద్దడం నేర్చుకున్నారు. చివరికి సొంత రాతలో ఎక్కువ మెరుగుపడింది సలహాలు చెప్పినవారే! ఇతరుల రాతలో లోపం పట్టడం అలవాటైతే, అదే చూపు మన రాత మీద కూడా పడుతుంది.

మీరూ ఈ ప్రయోగం చేయండి. నాలుగు వారాల పాటు వారానికొక పేరా రాసి, మీరు పట్టుకున్న తప్పులెన్నో, స్నేహితుడు పట్టుకున్నవెన్నో, మాస్టారి ఎర్రసిరాకు మిగిలినవెన్నో పట్టిక వేయండి. మూడో గడిలోని అంకెను గమనిస్తూ ఉండండి.