‘కౌలు’ అనే మాట, రైతు సాయం
‘కౌలు’ పదానికి మూలం అరబ్బీ ‘ఖౌల్’. దాని అర్థం మాట. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప చేలలో కౌలు నేటికీ ఎక్కువగా నోటిమాటే. ప్రభుత్వ సాయం మాత్రం కాగితాన్ని బట్టి నడుస్తుంది.

2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి గల రైతు కుటుంబానికే చెందుతాయి. అదే ఏడాది రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ లోటును కొంత పూడ్చజూసింది. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే సాగుదారుకు హక్కు పత్రం లభిస్తుంది. పంటరుణం, బీమా, నష్టపరిహారం పొందడానికి అదే ఆధారం. చిక్కంతా ఆ ఒప్పందంపై యజమాని చేయవలసిన సంతకంలో ఉంది. యాజమాన్యానికి భంగం లేదని చట్టం చెప్పినా, భూమి చేజారుతుందన్న భయం పోలేదు. అదే భూమిపై తానే పంటరుణం తీసుకున్న యజమాని వెనుకాడటానికి భయం ఒక్కటే కారణం కాదు.

మిరపలో విత్తనం, పురుగుమందులు, కాయకోత కూలి అన్నీ కౌలుదారువే. పంట చేతికి రాకముందే కౌలు చెల్లించవలసి రావడమూ కద్దు.

2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో ‘అన్నదాత సుఖీభవ’ మొదలైంది. కేంద్ర వాటాతో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు. తొలి విడత 7,000. ఇందులోనూ కౌలుదారు అర్హతకు ఆ హక్కు పత్రమే గీటురాయి.