తాగనివారికి క్లోమ వ్యాధి రాదా?

క్లోమ గ్రంథి వాపు, అంటే వైద్యులు పాంక్రియాటైటిస్ అని పిలిచే వ్యాధి, తాగుబోతులకే వస్తుందన్న నమ్మకం రోగుల ప్రాణాల మీదికి తెస్తోంది. మద్యం ముట్టని మనిషి పై పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పితో, ఆగని వాంతులతో, ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఉపశమనం లేక మెలికలు తిరుగుతున్నా, ఇంట్లోవారు దాన్ని గ్యాస్ నొప్పిగా తేల్చి వాము నీళ్లతోనో, మందుల షాపు మాత్రలతోనో రాత్రంతా గడిపేస్తున్నారు.

హఠాత్తుగా వచ్చే వాపుకు మద్యం ఎంత ప్రధాన కారణమో, పిత్తాశయంలోని రాళ్లు కూడా అంతే ప్రధాన కారణం. పిత్తనాళం, క్లోమనాళం పేగులోకి తెరుచుకునే చోట చిన్న రాయి అడ్డుపడితే, పేగులోకి చేరాక పనిచేయవలసిన ట్రిప్సిన్ వంటి జీర్ణరసాలు గ్రంథిలోనే చురుకై ఆ గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటినా ఈ ముప్పు ఉంటుంది.

దీర్ఘకాలిక వాపులో గ్రంథి క్రమంగా గట్టిపడి, లోపల సున్నపు రాళ్లు ఏర్పడి, జిడ్డు విరేచనాలకూ మధుమేహానికీ దారితీస్తుంది. తాగుడుతో సంబంధం లేని యువతలో కనిపించే ఇటువంటి వ్యాధిని గత శతాబ్దంలోనే కేరళలో డాక్టర్ గీవర్గీస్ వివరంగా నమోదు చేశారు. స్పింక్1 అనే జన్యువులోని మార్పులకు దానితో సంబంధం ఉన్నట్లు తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి రోగిని దొంగచాటుగా తాగుతున్నాడని అనుమానించడం అన్యాయం.

నొప్పి తగ్గేదాకా పొట్ట మాడ్చాలన్న మాటలో కొంత నిజం లేకపోలేదు: వాంతులు ఆగని దశలో ఆహారం ఆపక తప్పదు. అయితే రోజుల తరబడి పస్తు పెట్టడం మేలు చేయదు; తినగలిగిన వెంటనే తినిపించడమే నేటి వైద్య పద్ధతి.

పిత్తాశయ రాళ్లు పసరు మందుతో కరుగుతాయనడానికి ఆధారం లేదు. దీర్ఘకాలిక వాపు ఉన్నవారికి ఇచ్చే ఎంజైము గుళికలు వ్యసనంగా మారవు. గ్రంథి తయారుచేయలేని రసాలను అవి భర్తీ చేస్తాయి కనుక భోజనంతోపాటే వేసుకోవాలి.

గంటల తరబడి వీడని పై పొట్ట నొప్పికి వాంతులు తోడైతే ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ రక్తంలో లైపేజ్ సాధారణ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు లేదా అంతకంటే ఎక్కువగా తేలితే వ్యాధి దాదాపు ఖాయమైనట్లే. రాళ్ల వల్ల వచ్చిందని తెలిస్తే, నొప్పి తగ్గిందన్న ధీమాతో పిత్తాశయ శస్త్రచికిత్సను వాయిదా వేయకూడదు. మద్యంతోపాటు పొగతాగడమూ పూర్తిగా మానాలి.