సముద్రపు అడుగున ఆగిన ఊపిరి

నీళ్లలో మునిగిన మనిషిని పైకి లాగితే చాలు, బ్రతుకుతాడని మనమనుకుంటాం. కాని పైకి లాగితేనే ప్రాణం పోయే చోటు కూడా ఒకటున్నది.

2012 సెప్టెంబరు 18 రాత్రి, స్కాట్లండుకు తూర్పున ఉత్తర సముద్రంలో సుమారు 90 మీటర్ల లోతున ఇద్దరు గజ ఈతగాళ్లు చమురు గొట్టాల పని చేస్తున్నారు. ఒకరు క్రిస్ లెమన్స్, మరొకరు డేవ్ యువాసా. ఓడ నుండి దింపిన గంట వంటి ఇనుప గదిలో మూడవవాడు, డంకన్ ఆల్కాక్, కనిపెట్టుకొని ఉన్నాడు. ఆ గది నుండి వచ్చే లావుపాటి గొట్టాల కట్టే వాళ్లకు ప్రాణాధారం. శ్వాసకు వాయువు, ఒంటికి వేడి నీరు, వెలుతురు, పైవాళ్ల మాట అన్నీ దానిలోనుండే రావాలి.

సముద్రం పోటుమీద ఉన్నది. ఓడను ఒక్కచోట నిలిపే కంప్యూటరు చెడి, ఓడ కొట్టుకుపోసాగింది. తిరిగి వస్తుండగా క్రిస్ గొట్టం ఇనుప కట్టడానికి చిక్కుకొని తెగిపోయింది. వీపున ఉన్న సిలిండరులో అయిదారు నిమిషాల వాయువే మిగిలింది. చిమ్మచీకటి, గడ్డకట్టించే చలి. అతడు తడుముకుంటూ ఆ కట్టడం పైకి ఎక్కాడు. వెదికేవాళ్లు అక్కడికే వస్తారని అతనికి తెలుసు. అక్కడే స్పృహ తప్పాడు.

ఓడ తిరిగి స్వాధీనంలోకి వచ్చాక డేవ్ వెళ్లి అతన్ని మోసుకొచ్చాడు, పైకి కాదు, ఆ గదిలోకే. అంత లోతున ఒత్తిడికి వాయువు రక్తంలో కరిగి ఉంటుంది. ఒక్కసారిగా పైకి తెస్తే, సోడా మూత తీసినట్లు రక్తంలో బుడగలు లేచి మనిషి చనిపోతాడు. అందుచేత చేయగలిగింది అక్కడే చేయాలి. డంకన్ శిరస్త్రాణం తీసి చూస్తే ముఖం నీలమైపోయింది. నోటితో రెండుసార్లు ఊపిరి ఊదాడు. దాదాపు అరగంటసేపు వాయువు అందని క్రిస్ శ్వాస తీశాడు! ఆ చలి, అంతకుముందు ఒంట్లో ఇమిడిన ఆక్సిజన్ అతన్ని కాపాడాయంటారు. మూడు వారాలకు మళ్లీ అదే పనిలోకి దిగాడు.

మన చెరువుల్లో, బావుల్లో మునిగినవాడు సిలిండరు వాయువు పీల్చి ఉండడు గనుక, అతన్ని వెంటనే పైకి తేవలసిందే. ఈత రానివారు దూకకండి. తాడో, వెదురుగడో అందించండి. అయితే ఆ తరువాత మనం చేసేదేమిటి? పొట్ట నొక్కుతాం, తలక్రిందులుగా వ్రేలాడదీస్తాం. దానివల్ల మేలు లేకపోగా విలువైన నిమిషాలు పోతాయి. శ్వాస లేకపోతే వెల్లకిల పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, రొమ్ము పైకి లేచేలా నోటితో రెండుసార్లు ఊదండి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి, మళ్లీ రెండు ఊపిరులివ్వండి. శ్వాస వచ్చేదాకా, లేదా వైద్యులు చేరేదాకా ఆపవద్దు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి.