ముదిమిలో మెదడునకు చాలని నెత్తురు

సికింద్రాబాదు చెంతనున్న కాప్రా నేడు నగరములో కలిసినను అచ్చటి చెరువు నిలిచియున్నది. చెరువు క్రింద సేద్యము చేసినవారెరుగుదురు: తూమునీరు తగ్గినచో మొదట ఎండునది చివరి మడి. మెదడు లోతట్టునకు నెత్తురు చేర్చు సన్నని నాళములును అట్టి చివరి కాలువలే.

దేహపు బరువులో మెదడు నూటికి 2 పాళ్లు. అది వాడుకొను ప్రాణవాయువు 20 పాళ్లు. 100 గ్రాముల మెదడునకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము అందవలెను. 20కి దిగినచో కణములు పని మానును. 10కి దిగినచో కొద్దిసేపటిలో చచ్చును. నడుమనున్నవి కొన్ని గంటలు కాచుకొనియుండును. పక్షవాతము వచ్చిన 4½ గంటలలోపల గడ్డను కరిగించు మందు ఇచ్చుట వీనిని దక్కించుకొనుటకే.

ప్రయోగశాలలలో ఎలుకల మెడలోని రెండు పెద్ద రక్తనాళములను ముడివేసి చూచిరి. చాలవరకు ఎలుకలు బ్రదికినవి; కాని వారములు గడచిన కొలది మెదడు చెడి, నేర్చిన దారి మరచినవి. పెద్దలలో మనము చాదస్తమని త్రోసివేయు మరపునకు కొందరియందు ఇదియే మూలము.

ముసలి కణములకు ఓర్పు ఏల తక్కువ? హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య కల్లూరి సుబ్బారావుగారి బృందము ముసలి ఎలుకల నాడీకణములను పరీక్షించినది. దెబ్బతిన్న డి.ఎన్.ఎ.ను బాగుచేసుకొను శక్తి వానిలో తగ్గియుండెను. లోపించిన రెండు ఎంజైములను చేర్చగా ఆ శక్తి తిరిగి కనబడెను. ఇది పరీక్షనాళికలోని మాట. మనుష్యునికి ఇంకను మందు కాలేదు.

చేతిలోనున్నది రక్తపుపోటు అదుపు. మూతి వంకరపోయి, చేయి వాలి, మాట తడబడినచో పసరుమందులకై తిరుగక 108కి ఫోను చేయవలెను. మెదడు స్కానింగు గల దగ్గరి ఆసుపత్రి పేరును పంచాయతీ కార్యాలయపు గోడపై ముందే వ్రాయించుడు.