రెండు టెలిఫోనుల నడుమ ఒక దుబాసీ



మన కళాశాలలో ఒక గదిలో ఉర్దూ, ప్రక్క గదిలో తెలుగు వినిపిస్తూ ఉంటుంది. రెండూ ఎరిగినవారు ఒకరు వరండాలో ఉంటే ఎవరి పనీ ఆగదు. పూర్వం మచిలీపట్నం, చెన్నపట్నం రేవులలో కుంపిణీ దొరలకూ దేశీయ వర్తకులకూ మధ్య మాట నడిపించినవానిని దుబాసీ అనేవారు. నేటి టెలిఫోను ప్రపంచంలోనూ అటువంటి దుబాసీ ఉన్నాడు. అయితే అతడు మనిషి కాదు, యంత్రం. మీలో కొందరి జీవనోపాధి అతని పనితనంపై ఆధారపడనున్నది గనుక అతనిని గురించి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

మన కళాశాలలో చదివిన ఒక విద్యార్థిని తన ఊరిలో ఇంటి వద్దనే ఉండి ఒక సంస్థ కాల్ సెంటరులో పనిచేస్తున్నది. ఇటీవల కలిసినప్పుడు ఒక సంగతి చెప్పింది. పింఛను అందని ఒక వృద్ధురాలు ఫోను చేసిందట. హైదరాబాదు కేంద్రంలో ఫోను ఎత్తినవారికి ఉర్దూ రాదు. కాల్‌ను ఈమెకు మళ్లించారు. "నేను హలో అంటూనే ఉన్నాను సార్. అవతలినుండి ఒక్క మాట వినిపించలేదు. కొంతసేపటికి లైను పోయింది. తరువాత కేంద్రంలోని రికార్డింగు విన్నాను. ఆమె తన గోడు మొదటినుండి చివరిదాకా మళ్లీ చెప్పింది. చివర 'బేటీ, సున్ రహీ హో?' అని రెండుసార్లు అడిగి పెట్టేసింది" అన్నది.

ఈ తప్పు ఎవరిది? దీనికి సమాధానం కావాలంటే అసలు రెండు వ్యవస్థలు ఎందుకు కలవాలో ముందు తెలియాలి. ఒక సంస్థ పదేళ్ల క్రితం ఒక రకపు ఎక్స్ఛేంజి కొంటుంది. మరొక సంస్థను తనలో కలుపుకున్నప్పుడు వేరొక రకం వచ్చి చేరుతుంది. ఇంటి నుండి పనిచేసేవారికి కంప్యూటరే టెలిఫోను. ఇవన్నీ విడివిడిగా ఉంటే ఒకచోట వినియోగదారులు వరుసలో వేచి ఉంటారు, మరొకచోట ఉద్యోగులు ఖాళీగా కూర్చుంటారు. డెన్మార్కు గణితవేత్త ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ 1909, 1917 సంవత్సరాలలో ప్రకటించిన వ్యాసాలు ఇట్టి లెక్కలకు పునాది వేశాయి. ఆ గణితం ప్రకారం రెండు చిన్న వరుసలను ఒక్కటి చేస్తే, అంతే సిబ్బందితో వేచి ఉండే కాలం తగ్గుతుంది. పైగా ఉర్దూ తెలిసినవారు ఏ ఊరిలో ఉన్నా, ఉర్దూ కాల్ వారిని చేరగలుగుతుంది.

టెలిఫోను సంభాషణలో రెండు భాగాలు ఉన్నవి. మొదటిది సంకేతం: ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, ఎత్తారా, పెట్టేశారా అన్న సమాచారం. రెండవది కంఠస్వరం. సంకేతాలకు ఉమ్మడి భాషగా 1999లో వెలువడి 2002లో సంస్కరింపబడిన 'సిప్' అనే నియమావళి నేడు వ్యాప్తిలో ఉన్నది. అందులో పిలుపుకు 'ఇన్‌వైట్', వీడ్కోలుకు 'బై', వేరొకరి వద్దకు మళ్లించడానికి 'రిఫర్' అనే ఆదేశాలు ఉన్నవి. పాత ఎక్స్ఛేంజికి ఈ భాష రాకపోతే నడుమ 'గేట్‌వే' అనే యంత్రం నిలిచి తర్జుమా చేస్తుంది. మన దుబాసీ ఇతడే.

స్వరానికీ తర్జుమా అవసరమే. సాధారణ పద్ధతిలో కంఠస్వరాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లుగా వ్రాస్తారు. అంటే సెకనుకు 64,000 బిట్లు. వీటిని సాధారణంగా సెకనుకు 50 పొట్లాలుగా కట్టి ఇంటర్నెట్‌పై పంపుతారు. మరొక పద్ధతిలో అదే స్వరాన్ని సెకనుకు 8,000 బిట్లకు కుదిస్తారు. ఒకవైపు ఒక పద్ధతి, మరొకవైపు రెండవది ఉండి, నడుమ మార్పిడి చేసేవారు లేకపోతే పిలుపు కుదరదు.

ఇక మన విద్యార్థిని కథకు వద్దాం. పిలుపు చేరింది గనుక సంకేతంలో లోపం లేదు. ఆమె 'హలో' అవతల వినిపించింది గనుకనే వృద్ధురాలు మాట్లాడింది. ఒక్కవైపే మాట రాకపోవడానికి తరచుగా కనిపించే కారణం చిరునామా. ఇంటిలోని ఇంటర్నెట్ పెట్టె లోపలి కంప్యూటరుకు ఇచ్చే చిరునామా ఆ ఇంటివరకే చెల్లుతుంది. దానినే బయటకు పంపితే, ఊరి పేరు లేకుండా "మసీదు వెనుక మూడో ఇల్లు" అని ఉత్తరంపై వ్రాసినట్లే. ఆ ఉత్తరం చేరదు. దీనికి విరుగుడుగా సంస్థలు తమ వ్యవస్థ పొలిమేరలో 'సెషన్ బోర్డర్ కంట్రోలర్' అనే కాపలాదారును నిలుపుతాయి. పొట్లాలు నిజంగా ఎక్కడినుండి వస్తున్నవో గమనించి, జవాబును అక్కడికే పంపడం దాని పనులలో ఒకటి.

మళ్లింపులో మరొక చిక్కు కలదు. 'రిఫర్' అర్థంకాని పాత ఎక్స్ఛేంజి కాల్‌ను విడిచిపెట్టదు. స్వరం హైదరాబాదు వెళ్లి తిరిగి రావలసిందే. రెండు లైన్లు ఆక్రమింపబడతాయి, ఆలస్యమూ పెరుగుతుంది. ఒకవైపు ఆలస్యం సెకనులో 150 వేలవవంతులు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సూచన. దాటిన కొద్దీ ఒకరి మాటపై మరొకరు మాట్లాడడం మొదలవుతుంది. అంతకంటె ముఖ్యంగా, స్వరంతోపాటు ఫోను చేసినవారి వివరాలు కూడా రెండవ ఉద్యోగి తెరపైకి రావాలి. అవి రాకపోతే, కష్టంలో ఉన్నవారు తమ కష్టాన్ని మళ్లీ మొదటినుండి చెప్పుకోవలసి వస్తుంది.

ఒకప్పుడు మన దేశంలో ఇంటినుండి ఇట్టి పని చేయించాలంటే సంస్థలకు అనుమతుల, హామీల బాధ ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ కారణంగా ప్రభుత్వం సడలింపులిచ్చింది. అదే సంవత్సరం నవంబరులో వెలువడిన మార్గదర్శకాలు రిజిస్ట్రేషనునూ బ్యాంకు గ్యారంటీలనూ తొలగించి, దేశంలో ఎక్కడినుండైనా పనిచేయవచ్చునన్నవి. 2021 జూన్‌లో స్వదేశీ, విదేశీ కాల్ సెంటర్ల మధ్య భేదం కూడా తొలగింది. ఊరు విడిచి వెళ్లలేని మన విద్యార్థినులకు ఈ మార్పు చిన్నది కాదు.

అయితే యంత్రం ఎంత చక్కగా కలిపినా, అవతలివారి భాషలో మర్యాదగా మాట్లాడగలవారు ఇవతల ఉండాలి. రెండు భాషలలో టెలిఫోను సంభాషణకూ, ఈ సాంకేతిక విషయాల ప్రాథమిక పరిచయానికీ వారానికి ఒక గంట కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను.

ఆ వృద్ధురాలి సంగతి అడిగాను. రికార్డింగు విన్న రోజే మన విద్యార్థిని ఆమెకు తిరిగి ఫోను చేసిందట. మూడవసారి ఆమె చేత కథ చెప్పించుకోలేదట. రికార్డింగులో విన్నదంతా తానే ఆమెకు ఉర్దూలో చెప్పి, "ఇంతేనా అమ్మీ?" అని అడిగిందట.